ఎంగిలి పోలికలు

మా అప్ప మానససరోవరం చూసే పోయిందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. "సెల్లెలు ఎల్లొచ్చి కళ్ళకు కట్టినట్టు సెప్పిందట, ఇంటూ ఇంటూ నవ్వుతా పోనాదట" అంటారు. ఆ చెల్లెల్ని నేనే. ఆవిడ నవ్వుతూ పోలేదు. నా మాటలు ఆవిడ కళ్ళకేమీ కట్టలేదు. కట్టడానికి కళ్ళుంటే కదా! షుగరు వాటిని అప్పటికే తినేసింది. పోయినవాళ్ళ గురించి మంచే అనాలంటే అనుకోండి, కాదనను. ఆ మంచిలోకి నన్ను లాగకండి.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా నాన్న హరికథలు చెప్పేవాడు. విజయనగరం చుట్టుపక్కల ఆయన గజ్జెల చప్పుడు వినని ఊరు తక్కువ. మా ఇంట్లో ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది. ఇదివరకు ఎవరో అనేసిన పోలిక ఎంగిలి. దాన్ని మళ్ళీ వడ్డించకూడదు. మొహం చందమామలా ఉందని ఎవరైనా అంటే "ఎంగిలి! ఆకు మార్చు" అనేవాడు. పప్పు దేనిలా ఉందో కొత్తగా చెబితే గానీ నెయ్యి పడేది కాదు. నేను తడుముకునేదాన్ని, అప్ప తడుముకునేది కాదు. ఒకసారి చారు చూసి "అత్త ప్రేమలాగున్నాది, అడుగు కనిపిస్తంది" అంది. మేనత్త పక్క పీట మీదే కూర్చుని ఉంది. నవ్వాపుకోలేక నాన్నకి పొలమారింది. ఆ పూట అప్పకి రెండు గరిటెల నెయ్యి.

అలాంటి నాన్న, హరికథలో మానససరోవరం వచ్చేసరికి మాత్రం అద్దం లాంటి నీళ్ళు, బంగారు తామరలు, హంసలు అంటూ అరిగిపోయిన మాటలే చెప్పేవాడు. "నాన్నా, ఇదంతా ఎంగిలే కదా" అని అప్ప నిలదీసింది. ఆయన చిరతలు పక్కన పెట్టి, "సూడనిదాన్ని పాతమాటతోనే సెప్పాలమ్మా. సూసొచ్చినోళ్ళు కొత్తమాట తేవాలి" అన్నాడు. చూడకుండానే పోయాడు. ఆ కొత్తమాట తెచ్చే పని అప్ప తన నెత్తిన వేసుకుంది. కొత్తవలసలో పిల్లలకి సంగీతం చెప్పుకుంటూ, పాస్‌పోర్టు తీసుకుని, ఉన్ని స్వెట్టరు కూడా కొనుక్కుంది. ముందు కళ్ళు పోయాయి. తరవాత కిడ్నీలు.

"నువ్వెళ్ళవే" అంది నాతో. "ఎంగిలి తెచ్చేవంటే గుమ్మం తొక్కనివ్వను."

వెళ్ళాను. బస్సు దిగీ దిగగానే మా బృందమంతా ఫోన్లు ఎత్తి "అబ్బ, అద్దంలా ఉంది కదండీ!" అన్నారు. గాలికి అలలు లేస్తున్నాయి, ఒడ్డున నురుగు. "అద్దానికి అలలెక్కడివండీ?" అని అడిగాను. "మీకు భక్తి లేదు" అన్నాడొకాయన. భక్తి అంటే ఎదురుగా ఉన్నది చూడకపోవడమని నాకు తెలియదు. వాళ్ళకి దూరంగా గులకరాళ్ళ మీద కూర్చుని, కళ్ళు నీరు కారేదాకా చూశాను. రెండు చూపులు చూడాలి కదా, ఆవిడదీ నాదీ.

తిరిగొచ్చేసరికి అప్ప మంచం మీద కూర్చుని గుమ్మం వైపు మొహం పెట్టుకుని ఉంది.

"సెప్పవే."

"కాళ్ళు కడుక్కోనీ అప్పా."

"తరవాత కడుక్కో, అవెక్కడికీ పోవు. తామరలున్నాయా?"

"లేవు."

"హంసలు?"

"మన భోగాపురం సముద్రం ఒడ్డున తిరుగుతాయే, అలాటి పిట్టలున్నాయి. అరుపూ అదే."

"నాన్న విని ఉంటే కథ మానేసీవాడు" అంది. "సర్లే, నీళ్ళు సెప్పు."

దారంతా ఒలక్కుండా మోసుకొచ్చిన మాట బయటికి తీశాను. "నీలం పట్టుసీర ఆరేసి ఉంటే దాని మీంచి పిల్లి నడిసెళ్ళినట్టు, మబ్బు నీడ నీళ్ళ మీంచి ఎళ్ళిందప్పా."

ఎంగిలి అనలేదు. "పిల్లి బాగున్నాది" అంది. "ఏ నీలం?" అని అడిగింది.

"మొదటి కచేరీకి కట్టేవు కదా, ఆ సీర నీలం."

"ఆ సీర బరువు గుర్తున్నాది. అంచు మెడకి గీసుకోటం గుర్తున్నాది." వేళ్ళతో దుప్పటి అంచు తడుముతూ ఉండిపోయింది. "పసుపురంగు ఇంకా మనసులో ఉన్నాదే నాకు. ఆకుపచ్చ ఉన్నాది. నీలం పోనాది. ఎప్పుడు పోనాదో తెలీలేదు."

అంత దూరం నుంచి తెచ్చిన మాటని పెట్టడానికి ఆవిడ దగ్గర చోటే లేకుండా పోయింది.

ఆ తరవాత రంగులు మానేశాను. చలి చెప్పాను. గులకరాళ్ళ మీద అల వెనక్కి వెళ్ళే చప్పుడు, మూకుట్లో శనగలు వేయించినట్టుందని చెప్పాను. "బాగున్నాది. కానీ అది సప్పుడే, సరస్సు కాదు" అంది. మళ్ళీ చెప్పాను. మధ్యలో ఇంటి పక్క కిరండోల్ రైలు లైను మీద గూడ్సు బండి వచ్చేది, ఇల్లు అదిరేది, అది పోయేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ప్రతిసారీ ఆవిడ మెడ ముందుకు చాచి వినేది. మెల్లగా వెనక్కి వాలిపోయేది.

ఒకరోజు పొద్దున్న డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చింది. నేను జడ వేస్తున్నాను. అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసే, నాకు దొరికింది."

"ఏటి?"

"సరస్సు. అదెలాగుంటాదో."

"సెప్పు మరి!"

బయట ఆటో హారను కొట్టింది. "ఇప్పుడు కాదు. ఆ ఆటోవోడు ఇన్నాడంటే సాయంత్రానికి ఊరంతా ఎంగిలి సేసేస్తాడు. వచ్చి సెప్తాను" అంది. మొహంలో చిన్నప్పుడు నెయ్యి గెలుచుకున్ననాటి పొగరు. ఆటోలో బతిమాలాను. పెదవి విప్పలేదు.

మిషను మీద ఉండగా బీపీ పడిపోయింది. నన్ను లోపలికి పిలిచేసరికి మాట లేదు. పెదాలు ఎండిపోయి కొంచెం తెరుచుకుని ఉన్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఊపిరి తప్ప ఏమీ లేదు, కాసేపటికి అదీ లేదు.

కర్మకాండలయ్యాక ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లల్ని అడిగాను. వాళ్ళకేం చెప్పలేదట. నేను చెప్పినవాటిలోంచే ఏదైనా పట్టుకుందేమోనని అన్నీ మళ్ళీ కలిపి చూశాను. కుదరలేదు. నేను ఒడ్డున కూర్చుని చూసినా నాకు దొరకలేదు. మంచం మీంచి కదలకుండా, నీలమన్నదే లేకుండా, నీకెలా దొరికింది? దేనిలా ఉందప్పా ఆ సరస్సు?