పోస్టులో అడ్డపొగ

అక్టోబరు రెండో వారంలో సరిహద్దు కొండ మీదున్న ఆర్మీ పోస్టుకి చేరాం. కింద క్యాంపులో పొద్దున్న నాలుగున్నరకి బయలుదేరితే పైకి ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు ఇరవై. ఎత్తు పదమూడు వేల రెండొందల అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. మొత్తం పదకొండు మందిమి. రాళ్ళు పేర్చి కట్టిన బంకర్లు నాలుగు, వాటిని కలుపుతూ ఒక కందకం. కందకం ఈ చివర నుంచి ఆ చివరకి అరవై అడుగులు. నవంబరులో మంచు పడ్డాక మా లోకమంతా ఆ అరవై అడుగులే.

చోడవరంలో నన్ను అందరూ కాల్పుల గురించే అడుగుతారు. ఆ చలికాలమంతా మా పోస్టు నుంచి ఒక్క తూటా పేలలేదు. మనిషి మాత్రం పోయాడు. ఎలా పోయాడని ఎవరూ అడగరు. అందుకని అడక్కుండానే చెబుతాను. టీ కొట్టు దగ్గర నన్ను చూసి సిగరెట్ ఆర్పేసేవాళ్ళున్నారు, గౌరవంతో కాదు, మళ్ళీ మొదలెడతానని.

పోయినవాడు మా మెషీన్ గన్ గన్నర్. అతనిది కె.కోటపాడు, నాది బుచ్చయ్యపేట పక్క పల్లె. మొదటి రోజు నా హిందీ విని తెలుగువాడినని పట్టేశాడు. ఏ ఊరని అడిగి, వాళ్ళావిడ తరఫు చుట్టాలెవరో మా వైపున్నారని గుర్తు తెచ్చుకుని, అక్కడికక్కడే నన్ను అల్లుణ్ణి చేసి, తను మావ అయిపోయాడు. నాకు ఇరవై నాలుగు, అతనికి ముప్పై ఎనిమిది. పెన్షన్‌కి ఇంకా ఎనిమిది నెలలుంది. దిగాక ఎకరంన్నరలో చెరకు వేస్తానని, మొదటి పంట గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలే రోజు బండి తనే నడుపుతానని రోజూ చెప్పేవాడు. ఆ బండి ఎడ్ల రంగు కూడా నిర్ణయమైపోయింది.

మావకి బీడీ లేనిదే గడిచేది కాదు. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ ఆర్డరు వేరేగా ఉంది. సాయంత్రం అయిదింటికి స్టాండ్-టు, అంటే అందరూ ఆయుధాలతో కందకంలో నిలబడాలి. అప్పటి నుంచి పొద్దున్న ఏడు దాకా నిప్పురవ్వ కనిపించకూడదు. ఎదురు కొండ మీదున్నవాళ్ళకి బీడీ నిప్పు దీపంలా కనిపిస్తుందట. పగలు తాగమన్నాడు, చీకటి పడితే వద్దన్నాడు. ఆ పద్నాలుగు గంటలు మావ కాలు ఒకచోట నిలిచేది కాదు. గోళ్ళు కొరికేవాడు. నా మీద విసుక్కునేవాడు.

అతని బాధ చూడలేక నేనొక తెలివైన పని చేశాను. ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

మా మామ్మ అడ్డపొగ తాగుతుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. మా వైపు ఆడవాళ్ళు పొలంలో అలాగే తాగుతారు. గాలికి ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. చిన్నప్పుడు మామ్మ దగ్గర సరదాకి నేర్చుకుని, నాలుక కాల్చుకుని, తన్నులు కూడా తిన్నాను. నిప్పు నోట్లో ఉంటే ఎదురు కొండకి ఏం కనిపిస్తుంది? ఒక సాయంత్రం కందకం మూలలో మావకి చూపించాను. రెండు రోజులు దగ్గి, చిగుళ్ళు కాల్చుకున్నాడు. మూడో రోజుకి వచ్చేసింది. మసక వెలుతురులో నా ముందు నిలబడి, మూసిన పెదాల మధ్య నుంచే గొణిగాడు.

“కనపడతందా, అల్లుడా?”

ఏమీ కనపడలేదు. నవ్వు ఆపుకోలేక ఇద్దరం తుపాకుల మీద వాలిపోయాం.

ఆ మూడు రోజులూ బీడీలతోనే నెట్టుకొచ్చాం గానీ, అది సరిగ్గా కుదరాలంటే చుట్ట కావాలి. ఇంటికి ఉత్తరం రాశాను. మామ్మ కట్టలు కట్టి, పాత చీర గుడ్డలో చుట్టి పార్సిల్ పంపింది. దారులు మూసుకునే ముందు మోత గాడిదలు తెచ్చిన ఆఖరి సరుకులో అది వచ్చింది. సుబేదార్ సాబ్ వాసన పట్టాడు గానీ నిప్పు పట్టుకోలేకపోయాడు. అలా ఆ ఆర్డరుని గెలిచాం. రోజులో ఆ పద్నాలుగు గంటలే మావ గుండెకి దొరికిన సెలవని అప్పుడు నాకు తెలియదు. ఆ సెలవు రద్దు చేసింది నేనే.

తిండి సంగతి కూడా చెప్పాలి. డిసెంబరు నుంచి ఆకుకూర లేదు, పండు లేదు. డబ్బా మాంసం, డబ్బా పాలు, డాల్డాలో వేగిన పూరీలు. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి బలవంతంగానైనా తినమని నెయ్యి, చాక్లెట్లు బాగానే ఇచ్చేవాళ్ళు. బరువు మోసి తిరిగేవాళ్ళకి లెక్కకట్టిన తిండి అది. మేమేమో అరవై అడుగుల్లో తిరుగుతున్నాం. మావ పప్పులో నెయ్యి తేలాలనేవాడు. మా వాటా నెయ్యి కూడా అతని పళ్ళెంలోకే పోయేది. కష్టపడి పెరిగిన ఒళ్ళు, ఇక్కడే కదా సుఖపడేది అని నేను కూడా వడ్డించాను.

మా నర్సింగ్ అసిస్టెంట్ హర్యానా కుర్రాడు. పోస్టులో డాక్టరంటే అతనే. జనవరిలో మావ బీపీ చూసి మొహం ముడుచుకున్నాడు. ఈ ఎత్తులో రక్తం అసలే చిక్కబడుతుందని, గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాలు పెన్సిల్ కన్నా సన్నమని, వాటి గోడలకి కొవ్వు పేరుకుంటుంటే పొగ ఆ గోడల్ని గాయపరిచి బిగిస్తుందని ఓపికగా చెప్పాడు. రోజుకి ఎన్ని బీడీలని అడిగాడు. మావ ఆరన్నాడు. అది నిజమే. చుట్టల గురించి అతను అడగలేదు, మేం చెప్పలేదు. బయటికొచ్చాక మావ నా వీపు చరిచాడు.

ఫిబ్రవరి మూడో వారం. మూడు రోజుల మంచు తుఫాను తరువాత ఆ పొద్దున్న ఆకాశం తెరిపిచ్చింది. ఏడు పదికి మావ దవడ పట్టుకుని బంకర్లోకి వచ్చాడు.

“ఎడంపక్క దవడంతా లాగేస్తందిరా. బుజం దాకా పాకేస్తంది.”

“రాత్రి చుట్ట నిప్పు తగిలుంటాది మావా. ఉప్పునీళ్ళు పుక్కిలించు.”

“డాక్టరు గుంటడికి సెప్పనా?”

“నోరు తెరమంటాడు. అంగిలి సూస్తే మొత్తం తెలిసిపోద్ది.”

అతను తలూపాడు. నేనే నీళ్ళు కాచి ఇచ్చాను. అతని నుదుటి మీద చెమట పట్టింది. బయట మైనస్ పదకొండు. ఆ చెమట నేను చూశాను. పొయ్యి సెగ అనుకున్నాను.

ఏడు నలభైకి పక్క పోస్టుకి కిరసనాయిలు దించిన హెలికాప్టర్ మా తలల మీదుగా కిందికి వెళ్ళింది. మావ కందకంలో నిలబడి కుడి చేత్తో దానికి టాటా చెప్పాడు. ఎడమ చెయ్యి దవడ మీదే ఉంది.

ఎనిమిదిన్నరకి మళ్ళీ మబ్బు దిగింది. తొమ్మిది నలభైకి అతను పార తీసుకుని గన్ ముందున్న మంచు ఎత్తిపోస్తున్నాడు. మూడో పారకి కూర్చున్నాడు. నాలుగోది లేదు.

నర్సింగ్ అసిస్టెంట్ పరిగెత్తుకొచ్చి మాత్ర నమిలించాడు, ఆక్సిజన్ పెట్టాడు. రేడియో ఆపరేటర్ కింద డాక్టరుని పట్టుకున్నాడు. ముందుగా వచ్చిన ప్రశ్న ఒక్కటే.

“నొప్పి ఎన్నింటికి మొదలైంది? ఓవర్.”

అందరూ నా వైపు చూశారు. ఇప్పుడే, అన్నాను. రేడియో ఆపరేటర్ తొమ్మిది నలభై అని చెప్పేశాడు. ఇరవై నిమిషాలు ఆ అబద్ధం మా మధ్య ఉంది. తరువాత నర్సింగ్ అసిస్టెంట్ మావ నోరు తెరిచి, కాలిన అంగిలి చూసి, ఏమిటిదని అడిగాడు. అప్పుడు చెప్పాను, చుట్ట దగ్గర్నుంచి ఏడు పది దాకా అంతా. సుబేదార్ సాబ్ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది.

హెలికాప్టర్ ఒంటిగంట ఇరవైకి గానీ రాలేకపోయింది. భాష తెలిసినవాడినని నన్నూ ఎక్కించారు. ఆ మోతలో మావ నా చెవి దగ్గర ఒక్క మాటన్నాడు.

“మామ్మకి సెప్పకురా. బాధపడతాది.”

సాయంత్రం నాలుగు దాటి అయిదు నిమిషాలకి ఆసుపత్రిలో పోయాడు. గుండె ముందువైపు పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయిందని డాక్టరు చెప్పింది. గుండెనొప్పి అందరికీ గుండెలోనే రాదని, దవడలో, భుజంలో కూడా వస్తుందని చెప్పింది. మొదటి గంటలో తెచ్చుంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. మిగతాది నాకు తెలుసు. ఏడు నలభైకి మా తలల మీద ఏం వెళ్ళిందో చూసినవాణ్ణి.

మావ ఉన్న పెట్టెతో నన్నే పంపారు. వైజాగ్ నుంచి వ్యానులో చోడవరం మీదుగా కె.కోటపాడు. దారి పొడవునా గోవాడ వైపు వెళ్ళే చెరకు బళ్ళు మాకు అడ్డం తప్పుకుంటూ నిలబడ్డాయి. వాళ్ళావిడ ఏడుస్తూనే నా రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది బాబూ. మనోడొకడు ఉన్నాడని నాను ధీమాగా ఉండీదాన్ని.”

చెప్పాలని నోరు తెరిచాను. చుట్టూ నలభై మంది. మళ్ళీ మూసుకున్నాను. ఈ రోజు వరకూ ఆవిడకి చెప్పలేదు. ఇది అచ్చయితే మొదటి ప్రతి నేనే పట్టుకెళ్ళి, దగ్గర కూర్చుని చదివి వినిపించాలని ఉంది. ధైర్యం వస్తే.

మా ఇంటికి చేరేసరికి మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చుట్ట నోట్లో ఉంది, నిప్పు లోపల. తీసి, పక్కన పెట్టి అడిగింది.

“ఆ కట్టలు సరిపోయేయేట్రా? మరోటి కట్టమంటావా?”

సరిపోయాయని చెప్పాను. మామ్మకి అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. మావ అడిగినవాటిలో నేను తీర్చింది అదొక్కటే.

నేను మళ్ళీ పొగ ముట్టలేదు. నెయ్యి వాసనొస్తే లేచిపోతాను. బస్సులో ఎవరైనా దవడ పట్టుకుంటే వెళ్ళి ఎప్పటి నుంచని అడుగుతాను. పంటినొప్పని తిట్టినవాళ్ళే ఎక్కువ. తిట్టనీ.

సాయంత్రం అయిదైతే ఇంట్లో కూర్చోలేను. వీధి చివరిదాకా అరవై అడుగులు, మళ్ళీ వెనక్కి. ఎదురుగా మసక వెలుతురులో మావ నిలబడి ఉంటాడు. పెదాలు గట్టిగా మూసుకుని, కళ్ళతో నవ్వుతూ, కనపడతందా అల్లుడా అని అడుగుతాడు. ఆ రోజు కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది మావా. బుగ్గల్లోంచి ఎర్రగా, ఎదురు కొండ దాకా కనపడుతోంది.