మేకపిల్ల సినిమాలో నేను తీయని సీను

తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక మాచర్లలో మా వీధి చివరింటి అమ్మాయీ నేనూ కలిసి సినిమా తీశాం. వాళ్ల నాన్న బైకుల మెకానిక్. ఆయన పాత ఫోనే మా కెమెరా. ఒకటో తరగతి నుంచీ మాది ఒకే బెంచీ. కథ నేను రాశాను. తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ ఒక పిల్ల ఊరంతా తిరుగుతుంది. డైరెక్షన్ తనది. ఆ పిల్ల వేషం నాదేనని ఇద్దరమూ అనుకున్నాం. కనీసం నేను అనుకున్నాను.

షూటింగుకు రెండు రోజుల ముందు మా పక్కింటి మామ్మ దగ్గరికి నరసరావుపేట నుంచి మనవరాలు వచ్చింది. మా ఈడుదే. అరుగు మీద కబుర్లాడుతుంటే, ఏడవమనగానే ఏడ్చి చూపించింది. నా స్నేహితురాలు నోరు తెరుచుకుని చూసింది. నావైపు ఎప్పుడూ అలా చూడలేదు.

మర్నాటికి వేషం ఆ అమ్మాయిదైపోయింది. నాతో మాత్రం, "నువ్వు ఫోను పట్టుకోవే. నీ చెయ్యి వణకదు," అంది. సరేనన్నాను.

మూడు రోజులు తీశాం. వాళ్లిద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగడం, ఒకరి జడ ఒకరు వేసుకోవడం చూస్తూ నిలబడేదాన్ని. ఇంట్లో అన్నం సయించేది కాదు. ఎండదెబ్బేమోనని అమ్మ మజ్జిగ కలిపిచ్చేది.

చివరి సీనులో మేకపిల్ల దొరుకుతుంది. ఊరి బయట కంపచెట్ల దగ్గర తీశాం. అంతవరకూ ఎవరికీ లొంగని ఆ మేకపిల్ల, ఆ అమ్మాయి ఒళ్లో తల పెట్టి పడుకుంది. ఆ అమ్మాయి ఏడ్చింది. మేకపిల్లను మాకిచ్చిన, మేకలు కాసుకునే పెద్దమ్మ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను బటన్ నొక్కలేదు. మరిచిపోయి కాదు.

ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి నరసరావుపేట బస్సెక్కింది. సాయంత్రం మెకానిక్ షెడ్డులో కూర్చుని వీడియోలు చూసుకుంటే ఆ సీను లేదు. ఫోను నిండిపోయిందేమో అన్నాను. నా స్నేహితురాలు ఫోనులో ఖాళీ ఎంతుందో చూసింది. నన్ను చూసింది.

మర్నాడు అదే చోట నన్ను కూర్చోబెట్టి మేకపిల్లను ఒళ్లో పెట్టింది. నేను కోరుకున్నది అదే. ఏడుపు మాత్రం రాలేదు. ఆరుసార్లు తీశాక ఫోను దించి దగ్గరికొచ్చింది.

"నువ్వు నొక్కలేదని నాకు తెలుసే. ఎందుకు చేశావ్?"

"ఆ నరసరావుపేటదాన్ని చూసినట్టు నన్నెప్పుడన్నా చూశావా?" అన్నాను.

"నీకంటే బాగా చేసింది. అందుకే ఇచ్చా. నీ మీద ఏం లేదు," అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. తను ఫోను పైకెత్తలేదు, పక్కన కూర్చుంది. తర్వాత ఆ సీను నా వెనక నుంచి తీసింది. వాళ్లింట్లో టీవీకి పెట్టి అందరికీ చూపించినప్పుడు, చివర్లో పిల్ల మారిందని ఎవరూ కనిపెట్టలేదు.

ఇప్పుడు తను నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ షార్ట్ ఫిల్ములు తీస్తోంది. ఆ అమ్మాయే నటిస్తుంది. కథలు ఇప్పటికీ నన్నే అడుగుతుంది, రాసి పంపిస్తాను. సినిమా వచ్చాక చూస్తే నా కథ కనపడదు, ఆ అమ్మాయి మొహమే కనపడుతుంది. చాలా బాగా చేస్తుంది. ఆ మాట నా స్నేహితురాలితో ఇంతవరకూ అనలేదు.