ప్రతి గిరాకీ బోణీయే

మా ఇంట్లో అక్షరాల కంటే ముందు బేరం నేర్పారు. గద్వాలలో నాయనది బట్టల దుకాణం, మేనమామది పక్కనే గిన్నెల కొట్టు. అవతలివాడు గొంతు తగ్గించగానే వెళ్లిపోతున్నట్టు చెప్పులు వేసుకుని లేవాలని నాకు పదేళ్లకే తెలుసు. ఇంత తెలివిగలవాణ్ణి కోట ముందు ఎలా మునిగానో చెబుతాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. కోట చూడ్డానికి టూరిస్టులు వస్తారని ఊళ్లో ఒకటే మాట. కందకంలో పడవలు తిప్పుతారట, బురుజులకు రంగుదీపాలు పెడతారట. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. అప్పటికే దుకాణంలో నాయన పక్కన అన్న కూర్చున్నాడు. నాకంటూ ఒక చోటు కావాలి. కోట గుమ్మం ఎదుట పాన్‌డబ్బా తాతకు అమ్మకానికి ఒక గది ఉంది. అతను చెప్పిన ధరలో సగం అన్నాను. తాత సున్నం డబ్బా మూత పెట్టి, "సరే తియ్, నీకే ఇస్త" అన్నాడు.

ఇంట్లో గొప్పగా చెప్పాను. నాయన అన్నం కలపడం ఆపాడు.

"మొదటి మాటకే సరే అన్నడా?"

"అన్నడు."

"చెప్పులేసుకుని లేస్తివా?"

"లేవక ముందే ఒప్పుకున్నడు."

"అయితే అమ్మలేదురా ఆయన. వదిలిచ్చుకున్నడు."

గద్వాల చీరలు, చేతిరుమాళ్లు, కోట బొమ్మ అచ్చు వేయించిన సంచులు, రెండు డజన్ల కూల్‌డ్రింకులతో కొట్టు తెరిచాను. ఎప్పుడో ఒక కారు ఆగేది. ఆలంపురం గుళ్లకు పోతూ దారిలో దిగినవాళ్లు.

"అన్నా, కోట ఎక్కడ?"

"మీరు దాని ముంగటనే ఉన్నరు."

లోపలికి పోయి పది నిమిషాల్లో తిరిగొచ్చేవారు. "లోపల గుడి ఉంది, కాలేజీ ఉంది. మరి కోటేది? బోటింగ్ ఎక్కడ?"

"వస్తది."

"ఎప్పుడు?"

పక్కన పాన్‌డబ్బాలోంచి తాత అందుకునేవాడు: "జూరాల డ్యాం కాడికి పోండ్రి. నీళ్లన్న కనవడ్తయి."

గడ్డి మొలిచిన మట్టిగోడల్లో ఏది చూపించి ఇదే కోట అనాలో, వాటి నీడలో పెరిగిన నాకే తెలియలేదు.

మా దుకాణాల్లో పొద్దుటి బోణీ గిరాకీని ఒట్టి చేతులతో పంపరు. ఎంతకడిగితే అంతకిచ్చి, డబ్బు కళ్లకద్దుకుంటారు. నష్టమొస్తే తర్వాతివాళ్ల దగ్గర లాగుతారు. నా కొట్టుకు తర్వాతివాళ్లు లేరు. రోజుకు ఒక్కరొస్తే ఎక్కువ, ఆ ఒక్కరూ బోణీయే. నేర్చుకున్న బేరమంతా నోట్లోనే ఉండిపోయింది. రెండో వానాకాలానికి చెమ్మ తగిలి, సంచుల మీది కోట బురుజులు కిందికి కారాయి.

ఒక పొద్దున వనపర్తి నుంచి ఒక టైలరు వచ్చాడు. నలభై దాటిన మనిషి. గది గోడల్ని అరచేత్తో తడిమి చూశాడు.

"ఈడ లైట్లు పెడ్తరంట గద అన్నా! టూరిస్టులకు టోపీలు కుట్టి అమ్ముత. గది ఇస్తవా?"

ఆ కళ్లు నాకు తెలుసు. రెండేళ్ల కిందట నావి. ధర చెప్పాను. అతను సగం అన్నాడు, చెప్పుల కోసం కాళ్లు కదిపాడు కూడా. పాన్‌డబ్బాలో తాత ఆకుకు సున్నం రాయడం ఆపి నా వైపు చూశాడు. చెప్పాలంటే ఒక్క మాట. పడవలూ లేవు, దీపాలూ లేవు, వెళ్లిపో అంటే చాలు.

"సరే తియ్, నీకే ఇస్త" అన్నాను.

అతని మొహంలో ఒక క్షణం అనుమానం కదిలింది. "గింత జల్ది ఒప్పుకున్నవేంది అన్నా?"

"పొద్దుగాల్నే వచ్చినవ్. బోణీ."

ఆ మాట అబద్ధం కాదు. అతను ముందుగా ఇచ్చిన బయానా నోట్లను అలవాటుకొద్దీ కళ్లకద్దుకున్నాను. అతను వెళ్లాక తాళం వేశాను. నాయన కొట్లో అన్న ఉన్నాడు, ఇంటికి పోతే ఏం చెప్పాలో తెలియదు. సాయంత్రం దాకా పాన్‌డబ్బా దగ్గరే నిలబడ్డాను. తాత ఒక ఆకుకు సున్నం రాసి, చుట్టి నా చేతికిచ్చాడు.