వైర్‌లెస్సక్క కాలేజీ సీటు

సైన్యంలో ముప్పై ఏళ్లు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని వచ్చిన ఆవిడను వీధిలో అందరూ వైర్‌లెస్సక్క అనేవారు. తమ్ముడి చదువు ఆగకూడదని, పదో తరగతి కాగానే తన పుస్తకాలు అటకెక్కించి సైన్యంలో చేరింది. తమ్ముడు బాగానే చదివాడు. ఇప్పుడు కాలేజీలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు, ఇంటికొచ్చి అక్కకూ చెబుతున్నాడు.

సైన్యం నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఒక్కసారి కాలేజీ చదువు ఉచితంగా చెప్పిస్తుంది. కావాలంటే ఆ హక్కును ఇంటివాళ్లలో ఒకరికి రాసివ్వవచ్చు. రాసిస్తే ఇక తిరిగి రాదు. అక్కకు రాళ్ల గురించి చదవాలని కోరిక. కొండల మీద ఏళ్ల తరబడి ఒంటరిగా డ్యూటీ చేసినప్పుడు ఆవిడకు కాళ్ల కింది రాళ్లే తోడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలని పంతం పట్టి, ఉద్యోగంలో ఉండగానే ఇంటర్ గట్టెక్కి, ఇప్పుడు భూగర్భశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. తమ్ముడేమో ఆ హక్కు తన కొడుక్కి కావాలని చెవిలో జోరీగలా పోరుపెట్టాడు. ఆ సుపుత్రుడు అప్పటికే ఒక కోర్సు సగంలో వదిలేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం గానీ, మేనత్త చదువును మేనల్లుడు మధ్యలో వదిలేయడం మాత్రం కొత్తే.

నమోదుకు ఆఖరి రోజున ఆవిడ సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లేసరికి తమ్ముడు ముందే వచ్చి గుమస్తా పక్కన కూర్చుని ఉన్నాడు. రాసిచ్చే కాగితం నింపించి మరీ పెట్టాడు. సంతకం ఒక్కటే తక్కువ.

"ఈ వయసులో మీకు చదువెందుకమ్మా, దండగ. పిల్లాడికి రాసిచ్చేయండి," అన్నాడు గుమస్తా, కలం ఆవిడ వైపు జరుపుతూ.

ఆవిడ కలం ముట్టుకోలేదు. వైర్‌లెస్ వాళ్లకు ఒక పద్ధతి ఉంది. విన్న మాటను పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. చెప్పినవాడు అవునంటేనే అది ఖాయం. గాలిహోరులో మాట్లాడి మాట్లాడి రాటుదేలిన గొంతు ఆవిడది.

"ఈ వయసులో మీకు చదువెందుకమ్మా, దండగ. పిల్లాడికి రాసిచ్చేయండి. ఇదేనా మీరన్నది?"

వరుసలో ఉన్న మాజీ సైనికులంతా ఇటు తిరిగారు. తలలు నెరిసినవాళ్లే ఎక్కువ. గుమస్తా తాను ఊరికే సలహా ఇచ్చానని నీళ్లు నమిలాడు. అవునని అనలేదు కాబట్టి ఆ మాట అక్కడితో రద్దయింది.

తమ్ముడికి ఒళ్లు మండింది. "నీ చదువు ఎవరికి కావాలక్కా? వాడికైతే ముందు బోలెడు బతుకుంది."

అదీ తిరిగి చెప్పింది, ఈసారి నెమ్మదిగా. తమ్ముడు అవుననకూడదని ఎంతగా కోరుకుందో ఆవిడకే తెలుసు.

"అవును," అన్నాడు తమ్ముడు, కళ్లలోకి చూస్తూ.

తను వేలు పట్టుకుని బడికి నడిపించిన తమ్ముడు. అయినా వైర్‌లెస్ పద్ధతిలోనే బదులిచ్చింది.

"అందింది," అంది.

తమ్ముడి మొహం విప్పారింది. కాగితం ముందుకు తోశాడు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, కాలేజీ వాళ్లిచ్చిన సీటు కాగితం గుమస్తా ముందు పెట్టి, తన పేరు మీదే నమోదు చేయమంది. అందిందన్నావుగా అని తమ్ముడు నిలదీశాడు.

"అందిందన్నాను, చేస్తాననలేదు. మా డ్యూటీలో ఆ రెండూ వేరు," అంది. "నిన్ను చదివించినన్నాళ్లూ నీ చదువు ఎవరికి కావాలని నేనడగలేదురా."

గుమస్తా సీటు కాగితం మీద ముద్ర కొట్టాడు.