మేకుకు రెండు తీగలు

మొన్న హాలియా నుంచి వచ్చిన గడ్డి బేలు విప్పుతుంటే ఎండుగడ్డి ఘాటు ముక్కుకెక్కి యాకూబ్ చాచా గుర్తొచ్చాడు. ఇప్పుడు కట్లు ప్లాస్టిక్ తాళ్లవి. అప్పట్లో ఇనుప తీగలవి.

ఎనభైల్లో కరువుకు రామన్నపేట దగ్గరి మా ఊళ్లో పశువుల శిబిరం పెట్టారు. లారీల్లో వచ్చిన బేళ్లు విప్పి, గడ్డిని మిషన్‌లో ముక్కలు చేసి మేత వేయడం, మిగిలిన పొట్టును పశువుల కింద పరచడం మా పని. మిషను చాచా చేతిలో ఉండేది. నేనప్పటికే ఇద్దరు పిల్లల తల్లిని, అయినా ప్రతి పనికీ ఆత్రమే. బేలుకు రెండు తీగలు. రెండూ గోడ మేకుకు వేలాడితే తప్ప ఆయన మిషను తిప్పనిచ్చేవాడు కాదు. చాదస్తమని నవ్వుకునేదాన్ని.

"గొడ్డు ఏరుకొని తినదు బిడ్డా. మనమే ఏరాలె" అనేవాడు.

ఒక మధ్యాహ్నం చాచా నమాజుకు వెళ్లాడు. పశువులు ఆకలికి ఒకటే అరుపు. తుప్పు పట్టిన తీగను లాగితే తెగి సగమే చేతికొచ్చింది. మిగతా సగం వెతక్కుండా గడ్డిని మిషన్‌లోకి తోశాను. లోపల టక్కుమంది. విన్నాను, ఆపలేదు. పాత తీగ ఒకటి తెచ్చి మేకుకు తగిలించాను.

నాలుగు రోజులకు శిబిరంలో ఉన్న మా ఊరి ఎల్లవ్వ ఆవు మేత మానేసింది. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే.

"సుగుణా, తీగలు రెండొచ్చినయా?" అన్నాడు చాచా.

"రెండొచ్చినయి చాచా."

వారం తిరక్కుండా ఆవు చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి, గుండె పక్కన గుచ్చుకున్న వేలెడు తీగముక్క తీశాడు. చాచా దాన్ని చూశాడు, మేకు వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"మిషను నాది అవ్వా. తప్పు నాదే" అంటూ ఇంటి నుంచి తన బర్రెను తెచ్చి పలుపు ఎల్లవ్వ చేతిలో పెట్టాడు. ఆ పాల మీదే ఆయన మనవడు బతుకుతున్నాడని నాకు తెలుసు. తెలిసీ గంప పట్టుకుని నిలబడ్డాను.

"నా ఆవు పేరువెట్టి పిలిస్తే వస్తుండె అయ్యా" అని మాత్రం అంది ఎల్లవ్వ.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పదేళ్ల తర్వాత ఆయన మంచాన పడ్డాడని తెలిసి, ఈసారి చెప్పేయాలనే వెళ్లాను. "గొడ్లు మంచిగున్నయా బిడ్డా?" అన్నాడు. "మంచిగున్నయి" అని లేచి వచ్చాను. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నా కొట్టంలో ఎవరు బేలు విప్పినా ఎన్ని తాళ్లని అడుగుతాను. రెండంటారు. మేకుకు రెండూ కనిపిస్తూనే ఉంటాయి. అయినా గడ్డిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతాను.