దసరా రోజు గ్రైండర్

సూరత్‌లో మేముండే డిండోలి సందుల్లో నడుస్తుంటే ఏదో ఒక గేటు ముందు గ్రైండర్ రయ్యిమంటుంది, నిప్పురవ్వలు రోడ్డు మీదికి ఎగురుతాయి, కాలిన ఇనుము వాసన ముక్కుకు తగులుతుంది. అందరూ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దాటిపోతారు. నేను మాత్రం ఇప్పటికీ ఆ మోత ఆగేదాకా సందు మొదట్లోనే నిలబడిపోతాను. పెళ్ళీడు పిల్లల తల్లిని, ఇంకా ఈ భయమేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను.

మా నాన్నను మేము బాపు అనేవాళ్ళం. సిరిసిల్ల వైపు పల్లె నుంచి సూరత్‌కు సాంచలు నడపడానికి వచ్చి, ఆ మరమగ్గాల మోత పడలేక, ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని వాటి విడిభాగాలు చేసే పనిలో దిగాడు. పెద్ద మెషీన్లు కొనే స్తోమత ఎక్కడిది? బిగించి పట్టుకునే వైస్, ఇనుము కోసే హ్యాక్సా, ఆకురాళ్ళు, డ్రిల్లు, చేతి గ్రైండరు, అంతే. ఎండాకాలం రేకుల కింద చొక్కా విప్పేసి, వానాకాలం కారేచోటల్లా గిన్నెలు పెట్టుకుని, చలికాలం పొద్దున్నే జివ్వుమనే ఇనుమును అరచేతుల్లో రుద్దుకుని, ఆకురాయితో రాస్తూనే ఉండేవాడు. అరిగిపోయిన పాత భాగాన్ని ఎదురుగా పెట్టుకుని, కొత్తదాన్ని వేలికొసతో తడిమి, తల అడ్డంగా ఊపి మళ్ళీ రాసేవాడు. ఇనుప రజను మా అన్నంలో కూడా పడేదంటే నమ్మండి.

దసరాకు ఆ పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చుట్టి పీట మీద పేర్చేవాడు. మర్నాడు పొద్దుటిదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. మా నాన్నమ్మను బాపమ్మ అంటాం, ఆమె ఆ విషయంలో మహా కచ్చితం. వీధి చివర గుజరాతీవాళ్ళు శనగపిండి ఫాఫ్డా, జిలేబీల కోసం బారులు తీరి నిలబడితే, మా ఇంట్లో మటన్ ఉడికేది, గారెలు నూనెలో తేలేవి, మా ఊరివాళ్ళు వచ్చి జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్ళు మొక్కేవారు.

ఆ ఏడు పీట మీద బాపు తాను కొత్తగా చేసిన బుష్‌ను కూడా పెట్టాడు. సాంచలో ఇరుసు తిరగడానికి వేసే చిన్న ఉక్కు కడియం అది. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, తళతళలాడేలా రుద్దాడు. అప్పుడప్పుడే బడికి పోతున్న మా చెల్లె అందరి ఒంటి మీదా నగలు చూసి, దాన్ని ఉంగరమనుకుని నడిమి వేలికి తొడుక్కుంది. పోవడమైతే పోయింది, తిరిగి రాలేదు.

సబ్బు రాశాం, నూనె రాశాం, దారం చుట్టి లాగాం. లాగినకొద్దీ వేలు వాచి నీలంగా తిరిగింది. బాపు చెల్లెను ఎత్తుకుని చౌరస్తాలోని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. "యే కాట్‌నే కా ఔజార్ మేరే పాస్ నహీ, భాయ్. ఆప్ కే పాస్ హై. జల్దీ కరో" అన్నాడాయన. దాన్ని కోసే పనిముట్టు తన దగ్గర లేదట, బాపు దగ్గరే ఉందట, తొందరగా కానిమ్మన్నాడు. ఆలస్యమైతే వేలు పోతుందన్నాడని బాపు తిరిగొచ్చి చెబితే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ గడప మీదే కూలబడింది. కన్నతల్లి కదా.

బాపు పీట ముందు నిలబడి బాపమ్మ వైపు చూశాడు. ఆమే వంగి బంతిపూలు లాగి పారేసింది.

"పూజ మల్ల జేసుకుందాం గని, పోరి ఏలు మల్ల వస్తదారా? ఏం జూస్తున్నవ్, తియ్యి!"

ముందు ఆకురాయి పట్టాడు. అది జర్రున జారిపోయింది, గీత కూడా పడలేదు. హ్యాక్సా పళ్ళే అరిగాయి. అంత గట్టిపరిచింది తానే మరి! "నా చేతులు వడిపోను" అని తనను తాను తిట్టుకుంటూ గ్రైండర్ అందుకున్నాడు.

బుష్‌కూ వేలికీ మధ్య పల్చటి రేకుముక్క దూర్చాడు. అవ్వ చెల్లె మణికట్టును కదలకుండా పట్టుకుంది. చక్రం పక్కకు తీయగానే చెంబుతో నీళ్ళు పోయడం నా పని. "కాల్తే జెప్పు బిడ్డా, ఆపుత. కదలకు" అన్నాడు బాపు. చక్రం ఆనిస్తే రవ్వలు, నీళ్ళు పోస్తే సుయ్యిమని ఆవిరి, మళ్ళీ రవ్వలు. చెయ్యి కాస్త జారినా వేలు తెగుతుంది. నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే తంతారని భయం. "కాల్తుందా?" అని బాపు ఆగి ఆగి అడుగుతున్నాడు. చెల్లె పెదవి కొరుక్కుని అడ్డంగా తలూపుతోంది. రెండు పక్కలా గాడి పడ్డాక పట్టకారుతో నొక్కితే బుష్ టక్కున విరిగింది.

వేలు దక్కింది. మెల్లగా రంగు తిరిగింది. కానీ దాని చుట్టూ బొబ్బలు లేచి ఉన్నాయి.

"గింత కాలింది గదనే! ఎందుకు జెప్పలే?" అన్నాడు బాపు.

"జెప్తే నువ్వు ఆపుతవ్ గద బాపూ" అంది చెల్లె.

బాపు పట్టకారు వదిలేసి, దాన్ని ఒళ్ళోకి లాక్కుని బోరున ఏడ్చాడు. ఆయన ఏడవడం మేము అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు బుష్‌లు సూరత్ శివారులోని సచిన్ ఫ్యాక్టరీల్లో కంప్యూటర్ మెషీన్ల మీద తయారై డబ్బాల్లో వస్తున్నాయి. బాపు పనిముట్లు పాత ఇనుముకు పోయాయి, షెడ్డు ఉన్నచోట మేడ లేచింది, బాపు కూడా లేడు. చెల్లె రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో పని చేస్తుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో గొడవైనా నోరు విప్పదు. ఫోన్ చేసి "మంచిగున్నవానే?" అంటే "మంచిగున్ననే అక్కా" అంటుంది. నేను నమ్మను. బస్సెక్కి పోయి చూసొస్తాను.