గచ్చు కింది గది

ఆ దీవిలో గచ్చులు ఎత్తు చెయ్యాలంటే నిట్రాట మేస్త్రే చెయ్యాలి. మనిషి ఇంటికప్పు మోసే నిట్రాటలా పొడుగ్గా ఉండేవాడు కాబట్టి ఆ పేరు పడింది. ఏటికేడు సముద్రం వీధిలోకి వస్తోంది. పోటు తగ్గినా ఇళ్ళలో చెమ్మ ఆరేది కాదు. అప్పుడు మేస్త్రిని పిలిచేవాళ్ళు. ఆయన గదిలో మోకాలెత్తు ఇసుక పోయించి, దిమ్మిసతో గట్టిపరిచి, ఇనుప చువ్వలు పరిచి, పైన కొత్త గచ్చు పోసేవాడు. ఇక కాలు తడవదని భరోసా ఇచ్చి వెళ్ళేవాడు.

గచ్చు మీద గచ్చు పడేకొద్దీ ఇళ్ళు పొట్టివయ్యాయి. మూడో విడత పోసేసరికి గుమ్మాలు సగానికి పైగా పూడిపోయాయి. జనం కిటికీలు పెద్దవి చేసుకుని వాటిలోంచే వచ్చిపోతున్నారు. ఫ్యాన్లు విప్పేశారు. మేస్త్రికి సొంతింట్లోనే దూలం నెత్తికి తగిలేది.

"మా అమ్మ ముందు కూడా వంచని తల. సముద్రం వంచింది చూడు," అని పెళ్ళాం వేళాకోళం చేసేది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: మేస్త్రి, ఆయన భార్య, అత్తగారు. మామగారు పడవ నడిపేవాడు. ఒకరోజు పొద్దున వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు, పడవ చెక్క కూడా దొరకలేదు. అత్తగారు అప్పుడు ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు.

ఒక మధ్యాహ్నం, పోటు వేళ, ముగ్గురూ అన్నం తింటున్నారు. అత్తగారు చెయ్యి ఆపి, "బిందె దొర్లిస్తున్నాడు," అంది.

ఎవరని అడగబోయి కూతురు ఆగిపోయింది. గచ్చు కింద ఇత్తడిది ఏదో ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దాకా మెల్లగా దొర్లింది. కాసేపు ఆగింది. మళ్ళీ వెనక్కి దొర్లింది.

మేస్త్రి గచ్చుకి చెవి ఆనించాడు. మొదటి గచ్చు పోసేముందు గది ఊడ్చింది తనే. కింద ఇసుక తప్ప ఏమీ లేదు. తను కొట్టించిన ఇసుకలో సూది కూడా కదలదు.

అప్పట్నుంచి ప్రతి పోటుకీ ఆ చప్పుడే. తర్వాత ఎవరో దగ్గడం, ఆ పైన వంటింటి మూల కింద మాటలు. గొంతు వినబడుతుంది, మాట తెలియదు. ఇల్లు ఖాళీ చేసి అక్క దగ్గరికి పోదామని పెళ్ళాం పోరు పెట్టింది. అత్తగారు మాత్రం ఆ మూల చాప పరుచుకుని కిందికి జవాబులు చెప్పేది. వల బాగుచేయించానని, అమ్మాయి కులాసాగానే ఉందని, అల్లుడు మంచివాడే గానీ వేళకి తినడని.

చివరికి మేస్త్రి సమ్మెట, గునపం తీశాడు. అత్తగారు చాప మీంచి లేవలేదు.

"పగలగొట్టకు నాయనా. ఆయన పడుకున్నాడు."

మేస్త్రి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. "నిజంగా మామయ్యే అయితే, చీకట్లో అలా వదిలేస్తామా అత్తయ్యా?"

ఆవిడ చాప పక్కకి లాక్కుంది.

గచ్చు పగిలాక తడి ఇసుక తగులుతుందనుకున్నాడు. గునపం చేతిలోంచి జారి లోపలికి పోయింది. ఎక్కడో అడుగున నీళ్ళలో పడ్డ చప్పుడైంది. కన్నంలోంచి చల్లగాలి వచ్చింది.

నిచ్చెన వేసుకుని, టార్చి పట్టుకుని దిగాడు. ఇసుకంతా సముద్రం లాగేసుకుంది. కింది పాత గచ్చులు విరిగి అడుక్కి దిగిపోయాయి. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి నడుం నిటారు చేశాడు. నెత్తికి ఏమీ తగల్లేదు. సొంతింట్లో అలా నిలబడి ఎన్నేళ్ళయిందో. గోడలకి పాత నీలం సున్నం అలాగే ఉంది. ఒక మూల ఇత్తడి బిందె తేలుతోంది. అది వాళ్ళది కాదు. వీధి చివరి దర్జీ ఇంటిది.

టార్చి తిప్పాడు. పునాది రాళ్ళ మధ్య మనిషి పట్టేంత సందు. అవతల పక్కింటి అడుగు, ఆ అవతల మరో ఇల్లు. వీధి వీధంతా కింద ఒకటే గది. పైనెక్కడో దర్జీ మిషను తొక్కుతున్నాడు. ఎవరో దగ్గారు. చెవి దగ్గరే దగ్గినట్టు ఉంది. ఇంతలో "ఏమైంది?" అని పెళ్ళాం అడిగింది. ఆమె కన్నం అంచునే ఉంది. గొంతు మాత్రం ఆ చీకటి చివర్నుంచి వచ్చింది.

మేస్త్రి పైకొచ్చాక అత్తగారు వంగి చాలాసేపు చూసింది. "ఇదిగో, నిన్నే," అని ఒక్కసారి పిలిచింది. ఆవిడ గొంతే తిరిగొచ్చింది.

"ఆయన కాదులే నాయనా. ఆయనైతే నా పిలుపుకి పైకొచ్చేవాడు," అంది. ఆ రోజు ఏడ్చింది.

మేస్త్రి బిందె పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. తను పోసిన గచ్చులన్నీ గాలిలో వేలాడుతున్నాయని, కింద సముద్రం కాపురముంటోందని చెప్పాడు. దర్జీ నవ్వాడు. పెరట్లో గచ్చు కుంగిన రోజే పోయిన బిందెని చూశాక నవ్వు ఆపేసి, పిల్లల్ని ఎత్తుకుని బయటికొచ్చాడు. సాయంత్రానికి వీధంతా మెరకలో ఉన్న బడికి చేరింది.

తర్వాత గచ్చులు పగలగొట్టారు. లోతుగా గుంజలు దింపి, పైన సందులు వదిలి చెక్కలు పరిచారు. ఇంటికప్పులు పైకి లేపారు. పోటు ఇళ్ళ కింది నుంచి వస్తుంది, పోతుంది.

"దారిచ్చేశాం. ఇక మన జోలికి రాదు," అన్నాడు మేస్త్రి.

"గచ్చు పోసినప్పుడూ ఇదే అన్నావు," అంది పెళ్ళాం.

ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇంటివాళ్ళు తాళం వేసి ఎప్పుడో వెళ్ళిపోయారు. దాని గచ్చు కూడా తీసేద్దామని ఒక మధ్యాహ్నం మేస్త్రి ఒక్కడే వెళ్ళాడు. సమ్మెట ఎత్తబోతుంటే కింద నుంచి పెళ్ళాం గొంతు వినబడింది, భోజనానికి రమ్మని. నాలుగిళ్ళ అవతల పిలుస్తోంది, అంతేకదా అనుకున్నాడు. ఆ వెంటనే కింద నుంచే, "వస్తున్నా," అని తన గొంతు వినబడింది.

ఆయన నోరు విప్పనే లేదు.

ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళాం కంచం పెట్టి కూర్చుంది. "వస్తున్నా అని ఇంతసేపా?" అంది. మేస్త్రి చేతులు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు.

మర్నాడు నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఎవరినీ మాట్లాడనివ్వకుండా ఆ గచ్చు పగలగొట్టించాడు. ఇప్పుడు చుట్టుపక్కల దీవుల్లో గుంజలు దింపే పనికి పిలుస్తున్నారు, వెళ్తున్నాడు. ఎవరెంత బతిమాలినా గచ్చు మాత్రం పొయ్యడు.